పిక్కతో పంతమెందుకు?

పిక్కని సాగదీసేటప్పుడు పళ్ళు బిగబట్టేంత నొప్పి రాకపోతే ఆ కాస్త శ్రమా దండగే అని నమ్మేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్ళు, జిమ్ ట్రైనర్లు, ఆదివారం పూట పది కిలోమీటర్లు పరిగెత్తి ఫోటోలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, అందరిదీ ఇంచుమించు ఒకటే పద్ధతి. గోడకి అరచేతులు ఆనించడం, ఒక కాలు వెనక్కి పెట్టడం, మడమ నేలకి అదిమి, పిక్క చిరుగుతుందేమో అనిపించేదాకా ముందుకి వాలడం. అంతకన్నా తగ్గితే బద్ధకస్తుడన్న ముద్ర. జిమ్ గోడల మీద "నో పెయిన్ నో గెయిన్" అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

నాకు వచ్చింది. నేను డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. విశాఖపట్నంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ణి, పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. ఏటా స్ప్రింగుల పాఠం చెబుతూ, రోజూ తనని మోసే పిక్క ఎలా సాగుతుందో చదవకుండా ఉండటం నా వల్ల కాలేదు. దొరికిన పరిశోధనా పత్రాలు చదువుతూ వచ్చాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది: గట్టిగా లాగితే దక్కేది ఒకటి, దక్కిందని మనం అనుకునేది ఇంకొకటి. ఆ రెంటినీ కలిపేసి మాట్లాడటం వల్లే పిక్కల మీద ఇంత పంతం.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. కానిస్టేబుల్ పరీక్షకి తయారవుతున్నాడు. స్నేహితుడి చేత పాదం నొక్కించుకుని, లేచి నించుని, మొహం వెలిగిపోతూ చెప్పాడు.

"సార్, నిన్నటికంటే రెండు వేళ్ళ మేర ఎక్కువ వంగింది."

"అయితే పిక్క మెత్తబడిందంటావా?"

"మెత్తబడకపోతే ఎలా వంగుతాది సార్?"

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకి జవాబే. మెత్తబడకుండా కూడా వంగుతుంది. చాలాసార్లు జరిగేది అదే.

పాదం పైకి ఎంత మేర వంగుతుంది అన్నది ఒక సంగతి. అలా వంగేటప్పుడు కండరం ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుంది అన్నది వేరే సంగతి. మొదటిదాన్ని వంగే మేర అందాం, రెండోదాన్ని బిగువు అందాం. కొత్తగా నులక బిగించిన మంచం మీద ఒక మనిషి కూర్చుంటే కాస్తే కుంగుతుంది. నులక పాతబడి సాగిపోయాక అదే మనిషి కూర్చుంటే నడుం నేలకి తగిలినంత పనవుతుంది. అది బిగువులో వచ్చిన తేడా. కానీ కొత్త మంచం మీదే ఇద్దరు కూర్చున్నా ఎక్కువ కుంగుతుంది. నులక ఏమీ మారలేదు, మీద పడిన బరువు పెరిగిందంతే. మన కుర్రాడి రెండు వేళ్ళ లాభం ఈ రెంటిలో ఏ జాతిదో బయటినుంచి చూసి చెప్పడం కుదరదు. దానికి బలం కూడా కొలవాలి.

ప్రయోగశాలల్లో కొలిచేది అదే. మనిషిని కుర్చీలోనో బల్ల మీదో కట్టి కూర్చోబెట్టి, పాదాన్ని ఒక పలకకి బిగిస్తారు. మోటారు ఆ పలకని చాలా నెమ్మదిగా, సెకనుకి కొద్ది డిగ్రీల చొప్పున, పాదం పైకి వంగేలా తిప్పుతుంది. కాలు పూర్తిగా వదిలేసి ఉండాలి. పిక్క తనంతట తాను బిగుసుకుంటోందా అని చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి చూస్తారు. కోణం అడ్డంగా, ఎదురొచ్చే బలం నిలువుగా గీస్తే ఒక వంపు గీత వస్తుంది. మొదట్లో దాదాపు చదునుగా ఉండి పోను పోను నిటారుగా లేస్తుంది. ఆ గీత వాలు ఎంతో అదే బిగువు. గీత ఎక్కడ ఆగుతుందో అది వంగే మేర. మరి ఎక్కడ ఆపాలో ఎవరు నిర్ణయిస్తారు? ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. చేతిలో ఒక బటన్ ఉంటుంది, ఇక చాలు అనిపించినప్పుడు నొక్కుతాడు.

ఈ ఏర్పాటు గురించి మొదటిసారి చదివినప్పుడు నేను కాసేపు ఆగి ఆలోచించాను. వాలు చెప్పేది కండరం. "చాలు" అనేది మనిషి. వంగే మేర అని మనం గొప్పగా చెప్పుకునే అంకెలో సగం కండరం గుణమైతే, సగం ఆ మనిషి ఓర్పు.

1996లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని తేటతెల్లం చేశారు. తొడ వెనక కండరాల మీద మూడు వారాల పాటు, ప్రతి మనిషికీ ఒక కాలికి మాత్రమే స్ట్రెచింగ్ చేయించారు. రెండో కాలు పోల్చి చూడటానికి. సాగదీసిన కాలు ముందుకంటే ఎక్కువ వంగింది. కానీ ఒకే కోణం దగ్గర పోల్చి చూస్తే ఎదురొచ్చే బలం మునుపటిలాగే ఉంది. గీత మారలేదు, అదే గీత మీద ఇంకొంచెం పైకి ఎక్కగలిగారు. అంటే ముందు ఏ బలం దగ్గర "చాలు" అన్నారో ఇప్పుడు అంతకన్నా ఎక్కువ బలాన్ని ఓర్చుకుంటున్నారు. మంచం మీద రెండో మనిషి కూర్చున్నాడన్నమాట. 2014లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నుంచి వచ్చిన అధ్యయనం ఆరు వారాల పాటు నేరుగా పిక్క మీదే చేసింది. అల్ట్రాసౌండ్‌తో కండరాన్నీ, దాన్ని మడమ ఎముకకి కలిపే స్నాయువునీ విడివిడిగా చూశారు. వంగే మేర పెరిగింది. కండరం నిర్మాణంలోగానీ స్నాయువులోగానీ ఆ పెరుగుదలకి కారణమయ్యే మార్పు కనపడలేదు.

ఇక్కడ ఆగిపోతే నా వాదన గెలిచినట్టే ఉంటుంది కానీ నిజాయితీ ఉండదు. ఎందుకంటే బిగువు తగ్గిన అధ్యయనాలూ ఉన్నాయి. 2004లో బ్రస్సెల్స్‌లో పిక్క కండరాల మీదే 30 విడతల స్ట్రెచింగ్ చేయించి చూస్తే వంగే మేర పెరగడంతో పాటు బిగువు కూడా తగ్గింది. మానేశాక కూడా ఆ మార్పులో కొంత నెల రోజుల దాకా నిలిచింది. తీవ్రత విషయంలోనూ నాకు ఎదురొచ్చే సాక్ష్యం ఉంది. 2017లో జపాన్‌లో, తొడ వెనక కండరం మీద, నొప్పి లేకుండా లాగగలిగిన గరిష్ఠ స్థాయిని 100 శాతం అనుకుని 80, 100, 120 శాతాల్లో 180 సెకన్ల చొప్పున లాగి చూశారు. ఎంత గట్టిగా లాగితే ఆ పూటకి బిగువు అంత ఎక్కువ తగ్గింది. నొప్పివాదులకి ఇంతకన్నా మంచి ఆయుధం దొరకదు.

దొరికిన ఆయుధం దేనికి పనికొస్తుందో మాత్రం చూడాలి. అది ఒక్క పూట సంగతి. ఒక్క పూటలో వచ్చిన మెత్తదనం ఎంతసేపు ఉంటుంది? 2013లో జపాన్‌లోనే మరో బృందం పిక్కని ఐదు నిమిషాలు సాగదీసి, ఆ తర్వాత కాసేపటికోసారి కొలుస్తూ పోయింది. తగ్గిన బిగువు పది నిమిషాల్లో మళ్ళీ మొదటికొచ్చింది. వంగే మేర మాత్రం అరగంట తర్వాత కూడా ఎక్కువగానే ఉంది. ఈ ఒక్క ఫలితం చాలు, రెండూ వేర్వేరని చెప్పడానికి. కండరం పాత బిగువుకి తిరిగొచ్చేసినా మనిషి ఇంకా ఎక్కువ వంగుతున్నాడు. అంటే మిగిలినది ఓర్పు.

ఓర్పు పెరగడం తప్పేమీ కాదు, అదీ లాభమే. కాకపోతే దాని కోసం కండరాన్ని చిరిగేదాకా లాగక్కర్లేదు. నాడీవ్యవస్థకి "ఈ కోణం ప్రమాదం కాదు" అని నమ్మకం కుదరాలి. ఒక చోట నొప్పి పుట్టిస్తూ అక్కడ ప్రమాదం లేదని నమ్మించడం ఎంత తెలివైన పనో మీరే ఆలోచించండి. ఇది నా ఊహ, పరిశోధన తేల్చిన మాట కాదు. అయితే స్ట్రెచింగ్ మోతాదు మీద ఈమధ్య వచ్చిన పెద్ద సమీక్ష చూస్తే, ఆ ఊహకి విరుద్ధంగా ఏమీ లేదు. ఒక విడతలో నాలుగు నిమిషాలు, వారం మొత్తం మీద పది నిమిషాలు దాటాక వంగే మేరలో అదనపు లాభం పెద్దగా లేదనీ, తీవ్రతని బట్టి చెప్పుకోదగ్గ తేడా తేలలేదనీ దాని సారాంశం. వారానికి పది నిమిషాలు! టీ కొట్టు దగ్గర మనం ఒక్క పూటలో ఖర్చుపెట్టే కాలం.

సమయం సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. పాదాన్ని ఒక కోణంలో పెట్టి కదపకుండా ఉంచితే ఎదురొచ్చే బలం క్షణక్షణానికీ తగ్గుతూ పోతుంది. తీగలోనూ రబ్బరులోనూ జరిగేదే కండరంలోనూ జరుగుతుంది. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం మొదటి 20 సెకన్లలోనే అయిపోతుందని చీలమండ మీద చేసిన కొలతల్లో తేలింది. అందుకే మెల్లగా వాలి, ఆ 20 సెకన్లూ ఆగితే, ఇందాక బిగుతుగా అనిపించిన చోటే సుఖంగా అనిపిస్తుంది. అప్పుడు ఇంకొంచెం వాలొచ్చు. మొదటి సెకనులోనే చివరిదాకా నొక్కేవాడికి ఈ సౌకర్యం ఉండదు. మా వీధి కుర్రాడి స్నేహితుడైతే ఐదు అంకెలు లెక్కపెట్టి వదిలేస్తాడు, అదీ గబగబా.

కాలం బాగా పెంచితే ఏమవుతుందో జర్మనీ పరిశోధకులు 2022లో చూపించారు. పిక్కని సాగదీసి పట్టి ఉంచే బూటు లాంటి పరికరం తొడిగించి, రోజుకి గంట చొప్పున ఆరు వారాలు ఉంచారు. వంగే మేర పెరగడమే కాదు, కండరం మందమూ పెరిగింది, బలమూ పెరిగింది. బరువులెత్తకుండా! అది హాయిగా చేసే పనేమీ కాదు, గంటసేపు గట్టిగానే లాగి ఉంచారు. రోజుకి గంట ఎవరికి కుదురుతుంది అన్నది వేరే ప్రశ్న. కాబట్టి తీవ్రతకి అసలు విలువే లేదని నేననను. నిమిషాలు పోగుపడకుండా తీవ్రత ఒక్కటే పెంచితే ఆ పూటకి ఓర్పు, పది నిమిషాల మెత్తదనం తప్ప ఏమీ మిగలదంటాను.

ఇంతదాకా పిక్క అంటే ఒకటే కండరం అన్నట్టు మాట్లాడాను. కాదు. పైకి ఉబ్బెత్తుగా కనిపించేది గాస్ట్రాక్నీమియస్. దాని కింద, బల్లపరుపుగా, బయటికి అంతగా కనపడకుండా సోలియస్. రెండూ కింద ఒకే స్నాయువులో కలిసి మడమ ఎముకకి అతుక్కుంటాయి. పైదాని మొదలు మోకాలి పైన తొడ ఎముకకి ఉంటుంది, కిందిదాని మొదలు మోకాలి కిందే ఆగిపోతుంది. అందువల్ల మోకాలు చాచి ఉంచితే పైకండరం ముందు బిగుస్తుంది. మోకాలు వంచితే అది వదులై, భారమంతా సోలియస్ మీద పడుతుంది. గోడ దగ్గర కాలు చాచి ఎంత గింజుకున్నా, గొంతుక్కూర్చోవడం రాని మనిషికి పెద్దగా ఉపయోగం ఉండకపోవడానికి ఇదొక కారణం. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని ఉంటుంది, అక్కడ అడ్డుపడేది సోలియస్.

కూచిపూడి, భరతనాట్యం నేర్చుకునే పిల్లల అరమండి కూడా ఇంతే. మోకాళ్ళు వంచి, పక్కలకి తెరిచి, మడమలు లేవకుండా కిందికి దిగాలి. మడమ లేస్తోందంటే చీలమండ వంగడం లేదని అర్థం. కొన్ని క్లాసుల్లో పిల్లల భుజాల మీద చెయ్యేసి కిందికి నొక్కుతారు. నాకది చూడబుద్ధి కాదు. 2013లో డాన్సర్ల మీద ఆరు వారాలు చేసిన ఒక ప్రయోగం గుర్తొస్తుంది. ఒక జట్టుకి మెత్తని స్ట్రెచింగ్, ఒక జట్టుకి గట్టిది, ఒక జట్టుకి బలం పెంచే కసరత్తు. ఎవరో ఎత్తి పట్టుకుంటే కాలు ఎంత లేస్తుందన్న దాంట్లో అందరూ మెరుగయ్యారు. సొంత బలంతో కాలు ఎంత ఎత్తగలరన్న దాంట్లో మాత్రం మెత్తగా సాగదీసినవాళ్ళూ, బలం పెంచుకున్నవాళ్ళూ ముందున్నారు. అది తుంటి దగ్గర కొలిచిన సంగతి, పిక్కకి సరాసరి అన్వయించకూడదు. కానీ వేదిక మీద ఎవరూ వచ్చి కాలు పట్టుకుని ఎత్తరు కదా.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది నరం సంగతి. నేల మీద కాళ్ళు చాచి, నడుం నిటారుగా పెట్టి కూర్చుని పాదం మీవైపు వంచండి. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు అలాగే చాచి ఉంచి మళ్ళీ వంచండి. చాలామందికి పడుకున్నప్పుడు పాదం ఎక్కువ వంగుతుంది, లేదా అదే వంపు తేలిగ్గా వస్తుంది. పిక్క కండరం ఏదీ తుంటిదాకా పోదు. మరి తుంటి కోణం మారితే చీలమండ ఎందుకు మారాలి? తుంటి వెనకనుంచి పాదందాకా పోయే సయాటిక్ నరం, దాని కొమ్మలూ రెంటికీ ఉమ్మడిగా ఉన్నాయి. 2020లో అచ్చిన ఒక అధ్యయనంలో 12 వారాల పాటు ఒక జట్టుకి కండరం మీద పడేలా, ఇంకో జట్టుకి నరం మీద పడేలా స్ట్రెచింగ్ చేయించారు. రెండు జట్లకీ చీలమండ వంగే మేర పెరిగింది. కండరం బిగువు మొదటి జట్టుకే తగ్గింది. రెండో జట్టుకి తగ్గింది నరం బిగువు. అంటే పాదం వంగకుండా ఆపేది ప్రతిసారీ పిక్కే అనుకోవడం కూడా పొరపాటే. పాదం నొక్కించుకునేటప్పుడు జివ్వుమని లాగుతూ మోకాలి వెనక్కో అరికాలికో పాకితే అది కండరం పెట్టే గోల కాదు. నరాన్ని నొప్పి పుట్టేలా లాగడం ధైర్యం కిందికి రాదు.

ఇక మనవాళ్ళు అడగని ప్రశ్న ఒకటుంది. అసలు బిగువు తగ్గాలని ఎందుకు కోరుకోవాలి?

పరుగులో పాదం నేలకి తాకిన ప్రతిసారీ మడమ వెనక స్నాయువు సాగి శక్తిని దాచుకుంటుంది, కాలు లేచేటప్పుడు తిరిగిస్తుంది. అది మరీ సాగిపోయేదైతే, తిరిగిరాకుండా పోయిన శక్తిని కండరం తన ఖర్చుతో పూడ్చాలి. 1996లో అమెరికాలో మగ దూరపరుగు వీరుల్ని కొలిచి చూస్తే, చీలమండ తక్కువ వంగేవాళ్ళే ఒకే వేగం దగ్గర తక్కువ ఆక్సిజన్‌తో పరిగెత్తుతున్నారని తేలింది. కొద్దిమంది మీద చేసిన పని, పైగా కలిసి కనపడ్డంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం అయిపోదు. అయినా 1600 మీటర్లు పరిగెత్తబోయే కుర్రాడు పిక్కని దూదిలా చేసుకోవడమే లక్ష్యంగా పెట్టుకోవడం వింతే. పరుగుకి ముందు ఎక్కువసేపు సాగదీస్తే ఆ పూటకి సత్తువా తగ్గుతుంది. 2016లో వచ్చిన ఒక సమీక్ష లెక్క ప్రకారం ఒక కండరాన్ని 60 సెకన్లు, అంతకు మించి కదలకుండా సాగదీస్తే సామర్థ్యం సగటున 4.6 శాతం పడిపోతుంది, 60 సెకన్ల లోపయితే 1.1 శాతం. లాంగ్ జంప్‌లో నాలుగు వేళ్ళ తేడాతో ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళకి ఆ శాతాల విలువ తెలుస్తుంది.

దెబ్బలు తగలకుండా కాపాడుతుందని కదా చేస్తున్నాం అంటారు. దీనికి ఆస్ట్రేలియా సైన్యం దగ్గర మంచి లెక్కుంది. కొత్తగా చేరిన 1,538 మంది రంగరూట్లని రెండు భాగాలు చేసి, 12 వారాల శిక్షణలో సగంమందికి వ్యాయామానికి ముందు కాళ్ళలోని ఆరు కండరాల్ని, పిక్కతో సహా, ఒక్కోదాన్ని 20 సెకన్లు సాగదీయించారు. మిగతా సగానికి లేదు. 2000లో ఫలితం అచ్చయింది. కాళ్ళ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకు రెండేళ్ళ ముందు, పిక్కల మీద మాత్రమే చేసిన ప్రయోగంలోనూ స్ట్రెచింగ్ వల్ల గాయాలు తగ్గలేదు. చీలమండ మరీ తక్కువ వంగేవాళ్ళకి మాత్రం గాయాల ముప్పు ఎక్కువని అదే పనిలో కనిపించింది. కాబట్టి చీలమండ బొత్తిగా వంగనివాళ్ళు పట్టించుకోవాల్సిందే. అందరూ అన్ని రోజులూ ఏడుస్తూ లాక్కోవాల్సిన పని లేదు.

మరి ఎవరికి వంగడం లేదు? నా చుట్టూ చూస్తే కుర్చీలకీ, వెస్టర్న్ కమోడ్లకీ, డైనింగ్ టేబుళ్ళకీ అలవాటుపడ్డ మా తరం. మా అమ్మమ్మ తొంభయ్యేళ్ళకి దగ్గర పడుతున్నప్పుడు కూడా గొంతుక్కూర్చుని కత్తిపీట మీద కూరలు తరిగేది. ఆమెకి ఎవరూ స్ట్రెచింగ్ నేర్పలేదు. రోజూ తన బరువే తన సోలియస్ మీద, నొప్పి లేని స్థాయిలో, నిమిషాల తరబడి. దీన్ని శాస్త్ర ప్రమాణంగా చెప్పను గానీ, మన పాదం ఏ వంపులో ఎక్కువ కాలం గడిపితే పిక్క దానికి తగ్గట్టు మారుతుందనడానికి ప్రమాణం ఉంది, అదీ అటువైపునుంచి. ఐదు సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఎత్తున్న హీల్స్‌ని ఏళ్ళ తరబడి రోజువారీగా వేసుకునే ఆడవాళ్ళని కొలిచి 2010లో ఒక పత్రం వచ్చింది. వాళ్ళ పిక్క కండరం పోగులు దాదాపు 12 శాతం పొట్టిగా ఉన్నాయి, మడమ వెనక స్నాయువు లావుగా, బిగువుగా ఉంది. హీల్స్ వేసుకున్నప్పుడు ఎవరికీ పిక్క నొప్పి పుట్టేంత బలప్రయోగం ఉండదు. ఉండేది గంటలే.

మా వీధి కుర్రాడికి నేను చెప్పింది ఇదే. ముందు గోడ పరీక్ష చెయ్యి. గోడకి ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి ఆనించు. ఆనగలిగినంత సేపూ పాదాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరుపు. చివరికి బొటనవేలికీ గోడకీ మధ్య ఎన్ని సెంటీమీటర్లుందో కొలుచుకో. ఒక సెంటీమీటరుకి చీలమండ సుమారు మూడున్నర డిగ్రీలు వంగినట్టు లెక్క. పది సెంటీమీటర్ల దగ్గర ఉంటే పరుగుకి నీ చీలమండతో తగువు లేదు, వదిలేసి పరుగు చూసుకో. నాలుగో ఐదో ఉంటే, లేక రెండు కాళ్ళకీ బాగా తేడా ఉంటే, సాయంత్రం పూట, పరుగుతో సంబంధం లేకుండా, మోకాలు చాచి కొంతసేపు, వంచి కొంతసేపు సాగదియ్యి. పదిలో నాలుగైదు వంతుల బిగుతు చాలు, మామూలుగా ఊపిరి తీసుకుంటూ మాట్లాడగలగాలి. మాట ఆగిపోయిందంటే ఎక్కువ లాగుతున్నట్టే.

అదీ కాకుండా మెట్టు అంచున ముందుపాదం పెట్టి, మడమని నెమ్మదిగా కిందికి దించే కసరత్తు చెయ్యమన్నాను. స్వీడన్ ఆర్థోపెడిక్ వైద్యుడు హాకన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో దీన్ని మడమ స్నాయువు నొప్పితో బాధపడే పరుగువాళ్ళ మీద పరీక్షించింది. మోకాలు చాచి 15 చొప్పున మూడుసార్లు, వంచి మరో మూడుసార్లు, రోజుకి రెండు పూటలు, 12 వారాలు. రోజుకి 180 అన్నమాట. ఆ పద్ధతిలో కొంత నొప్పిని ఒప్పుకున్నారు, అది నా వాదనకి ఇబ్బందే. కానీ అక్కడ పని చేసేది కండరం. బరువు మోస్తూ పొడవు పెరుగుతుంది, స్నాయువుకి మోసే శక్తి వస్తుంది. గోడకి వేలాడే స్ట్రెచింగ్‌లో కండరం ఊరికే లాగబడుతుంది. బలం పెంచే కసరత్తులు పూర్తి మేర కదిలేలా చేస్తే స్ట్రెచింగ్‌తో దాదాపు సమానంగా వంగే మేర పెరుగుతుందని 2021లో ఒక సమీక్ష చెప్పింది కూడా. ఒకటే సమయం ఉంటే నేను రెండు పిట్టల్ని కొట్టే దాన్నే ఎంచుకుంటాను.

స్ట్రెచింగ్ నిజంగా పనికొచ్చే ఒక చోటు గురించి మనవాళ్ళు తక్కువ మాట్లాడతారు. రాత్రి నిద్రలో పిక్క పట్టేసి, కెవ్వుమని లేచి కూర్చునే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నెదర్లాండ్స్‌లో 55 ఏళ్ళు దాటిన 80 మందితో చేసిన ప్రయోగంలో, పడుకోబోయే ముందు పిక్కల్నీ తొడ వెనక కండరాల్నీ సాగదీసినవాళ్ళకి ఆరు వారాల్లో ఈ పట్టేయడాలు తగ్గాయి. మందు లేదు, ఖర్చు లేదు. పట్టేసినప్పుడు పాదం వేళ్ళని తమవైపు లాక్కోవడం అందరికీ తెలుసు, పట్టకముందే రెండు నిమిషాలు కేటాయించడమే ఎవరికీ గుర్తుండదు. మా నాన్నకి నేనే గుర్తుచేస్తాను, ఆయన "సరే మాస్టారూ" అని వెక్కిరిస్తూనే చేస్తాడు.

ఇక్కడే తీవ్రత గురించి అసలైన హెచ్చరిక ఉంది. ఎంత లాగాలో చెప్పే కొలబద్ద మన ఒళ్ళే అని ఇందాకటి నుంచీ అంటున్నాను. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయినవాళ్ళకి ఆ కొలబద్ద పనిచెయ్యదు. భారత వైద్య పరిశోధనా మండలి (ఐసీఎంఆర్) 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే స్నాయువుల్లోని కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి ముడిపడి బిగుసుకుంటాయి, చీలమండ వంగడం తగ్గుతుంది, నడకలో భారం ముందుపాదం మీద పడుతుంది, స్పర్శ లేని చోట అది పుండుగా మారుతుంది. అంటే చీలమండ వంగాల్సిన అవసరం ఎక్కువున్నవాళ్ళకే ఎక్కడ ఆపాలో చెప్పే నొప్పి ఉండదు. అలాంటివాళ్ళు గోడ పరీక్షలో సెంటీమీటర్లని చూసుకుని చెయ్యాలి, నొప్పిని నమ్ముకుని కాదు, అదీ పాదాలు చూసే డాక్టర్‌కి చూపించుకున్నాకే. ఒక్క కాలి పిక్క మాత్రమే హఠాత్తుగా వాచి, వేడిగా ఉండి నొప్పి పెడుతుంటే అసలు సాగదియ్యకూడదు, రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆసుపత్రికి వెళ్ళాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే చేతికొస్తున్నాయి. అవి మడమ వెనక స్నాయువు తెగే ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే పెట్టె కట్టి మరీ హెచ్చరిక అచ్చువేయించింది. మందు ఆపేసిన కొన్ని నెలల దాకా కూడా ఆ ముప్పు ఉండొచ్చు కాబట్టి, జ్వరానికో మూత్రంలో మంటకో ఈ మాత్రలు వాడినవాళ్ళు ఆ రోజుల్లో పిక్క మీద బలం చూపించకపోవడం మంచిది. ఈ సంగతి ఒక్కటీ ట్రైనర్‌కి ముందే చెప్పి పెట్టండి, ఆయన అడగడు.